కోనన్‌కి కండలు గీసినవాళ్ళున్నారు, మరి జయమల్లుడికి?

మొన్న శుక్రవారం లంచ్ అయ్యాక మా టీం వాట్సాప్ గుంపులో ఒక బొమ్మ పడింది. కోనన్. అవును, మన జిమ్ముల్లో పోస్టర్లుంటాయే, ఆ చొక్కా లేని కత్తివీరుడే. కాకపోతే ఈసారి చందమామ అట్ట మీదున్నట్టు ఉన్నాడు. వెనక గులాబీ రంగు ఆకాశం, కాళ్ళ దగ్గర తామరలు, ఒంటి మీద వడ్డాది పాపయ్య గారి మార్కు మెరుపు. కింద "వపా గారు కోనన్‌ని గీసుంటే...!" అని రాసుంది. ఏదో ఏఐ టూలుకి చందమామ స్కాన్లు నాలుగు చూపించి చేయించాడట మా వాడొకడు. పది నిమిషాల్లో ముప్పై చప్పట్లు, పదిహేను మంటలు. "అబ్బ, గూస్‌బంప్స్ గురూ" అని ఒకరు. "ఇలాంటివి మనవాళ్ళు ఎందుకు గీయలేదో! ఆ విజన్ లేదంతే" అని మా ఆర్కిటెక్టు గారు.

నాకు ఒళ్ళు మండింది. గుంపులో రాస్తే గొడవవుతుందని ఊరుకున్నా. శని, ఆదివారాలు గడిచినా చల్లారలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ముందే చెప్తున్నా, నేను ఆర్టిస్టుని కాదు. పద్దెనిమిదేళ్ళుగా డేటాబేసులు చూసుకుంటున్నవాణ్ణి. ఆర్టు గురించి నాకు తెలిసింది పాఠకుడిగా తెలిసిందే. తప్పులుంటే తిట్టండి.

అసలు వపా గారు కోనన్‌ని ఎందుకు గీయాలండీ? 1992లో పోయిన పెద్దాయన్ని ఇప్పుడు లేపి, టెక్సస్‌లో పుట్టిన ఒక మొరటువాడికి కూలి లేకుండా బొమ్మలేయించడం దేనికి? పోనీ సరదా అనుకుందాం. కానీ ఆ సరదా పడ్డ ముప్పై మందిలో ఒక్కరికైనా "మన జయమల్లుడి కామిక్ ఎందుకు లేదు?" అనే అనుమానం రాలేదే! జయమల్లుడు ఎవరని అడుగుతారేమో కూడా. రాకాసిలోయ గుర్తుందా? కేశవుడు, జయమల్లుడు, బ్రహ్మదండి మాంత్రికుడు? ఆ... ఇప్పుడు గుర్తొచ్చింది కదా.

ఒక్కసారి తేదీలు చూడండి. కోనన్ మొదట అచ్చయింది 1932లో, వియర్డ్ టేల్స్ అనే చవక కథల పత్రికలో. రాసినాయన రాబర్ట్ హోవర్డ్, ఉండేది క్రాస్ ప్లెయిన్స్ అనే పల్లెటూళ్ళో. ఇప్పటికీ అక్కడ జనాభా వెయ్యికి అటూ ఇటూ. ముప్పై ఏళ్ళకే, 1936లో, చనిపోయాడు. కోనన్ కామిక్ పుస్తకంగా మార్వెల్ నుంచి వచ్చింది 1970లో. అంటే రచయిత పోయాక ముప్పైనాలుగేళ్ళకి.

మన దగ్గరేమో చందమామలో తోకచుక్క 1954లోనే మొదలైంది. ఆ వెంట మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం. 1961లో రాకాసిలోయ. తర్వాత పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం... కత్తి, మంత్రం, శిథిలమైన గుడి, దాన్లో నిధి, దానికి కాపలాగా ఏదో ఒక వికృత జీవి. కోనన్ కథల్లో ఉన్న దినుసులన్నీ ఉన్నాయి. పైగా మనవాళ్ళు ఎక్కువగా జంటలు. ఒకడు కత్తి తిప్పుతాడు, ఇంకొకడు బుర్ర తిప్పుతాడు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. ఇన్ని వేల పేజీలు అమెరికాలో ఎవడి దగ్గరైనా ఉండుంటే ఇవాళ మనం నెట్‌ఫ్లిక్స్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసేవాళ్ళం.

ఇవన్నీ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ళ మీద ఉండేది కాదు. చందమామ పద్ధతి అది. బొమ్మ మూల మాత్రం "చిత్రా" అని సంతకం ఉండేది. అందుకే మనలో చాలామందికి చిత్రా తెలుసు, దాసరి గారు తెలీదు. అర్ధశతాబ్దానికి పైగా ఆ ఒక్క పత్రికలో పనిచేసి, 2010 జనవరిలో విజయవాడలో పోయారాయన. ఆయనెవరో నాకు తెలిసిందే ఆ తర్వాత. సిగ్గుగానే చెప్తున్నా.

"మరి చిత్రా గీశారు కదా, గీయలేదంటావేంటి?" అంటారా? అక్కడికే వస్తున్నా.

చిత్రా గారు గీసింది ఇలస్ట్రేషన్. నెలకి కొన్ని పేజీలు, దాదాపు ప్రతి పేజీకి ఒక బొమ్మ. కథ అక్షరాల్లో నడిచిపోతుంటుంది, బొమ్మ పక్కన నిలబడి చూస్తుంటుంది. జయమల్లుడు కత్తి ఎత్తడం మనం చూశాం. అది దిగడం ఎప్పుడైనా చూశామా? ఎత్తడం ఒక నెల, "ఇంకా ఉంది" అని బ్రేకు, వచ్చే నెల బొమ్మలో శత్రువు అప్పటికే కింద పడుంటాడు. మధ్యలో జరిగిందంతా మనమే ఊహించుకున్నాం. కామిక్ అంటే ఆ మధ్యలోదంతా గీయడం. కత్తి లేచింది, గాలి చీలింది, ఎదుటివాడి కన్ను పెద్దదైంది, దిగింది. నాలుగు గళ్ళు. ఈ నాలుగు గళ్ళు చిత్రా గారికి ఎవరూ ఇవ్వలేదు. ఆయనకి రాదా? ఆ ఉగ్రాక్షుణ్ణి, ఆ ఏనుగుల్ని, ఆ కొండచరియల్ని చూసినవాడెవడూ రాదనడు. అడగలేదు, అంతే.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. చందమామ ఎవరిది? నాగిరెడ్డి, చక్రపాణి గార్లది. పాతాళభైరవి ఎవరిది? వాళ్ళదే. 1951లో విజయా వాళ్ళు తీసిన ఆ సినిమాకి కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే పత్రికలకి బొమ్మలేసిన మనిషి కూడా. అంటే తోటరాముడు వాళ్ళ ఇంట్లోనే ఉన్నాడు. నేపాళ మాంత్రికుడూ అక్కడే ఉన్నాడు, గడ్డంతో సహా. గీసే చెయ్యి ఉంది. సొంత ప్రెస్సుంది. పత్రికని డజను భాషల్లో అమ్మే యంత్రాంగం ఉంది. ఒక ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి సెటప్ మన జీవితంలో ఎప్పుడైనా చూశామా? రిక్వైర్‌మెంటు, డిజైన్, సర్వర్, డెలివరీ అన్నీ ఒకే బిల్డింగులో. అయినా తోటరాముడి కామిక్ ఒక్కటి కూడా నా కంట పడలేదు. "సాహసం శాయరా డింభకా" అని మీమ్ చేసుకోవడానికి మాత్రం మిగిలాడు.

చక్రపాణి గారిని అనే స్థాయి నాకు లేదు. ఆయన చందమామ ఇవ్వకపోతే నాకు చదవడమే వచ్చేది కాదు. కానీ ఇంత పెద్దాయన కూడా ఆ ఒక్క అడుగు వేయలేదన్నది నిజం కదా. మెచ్చుకుంటూ కూడా ఆ మాట అనొచ్చు.

ఇక "మనది పేద దేశం, అప్పట్లో అంత మార్కెట్టెక్కడిది" అనే వాదన. మా ఆర్కిటెక్టు గారి రెండో బాణం ఇదే అని నాకు తెలుసు. ఫిలిప్పీన్స్ చూడండి. మనకన్నా గొప్ప ధనికులేం కాదు. అక్కడ వీధి చివర అద్దెకిచ్చే చవక కాగితం మీద కామిక్స్ అచ్చేసేవాళ్ళు. అల్ఫ్రెడో అల్కాలా అనే ఆయన 1963లో వోల్టార్ అని ఒక కత్తివీరుణ్ణి సొంతంగా గీశాడు. మార్వెల్ కోనన్ కంటే ఏడేళ్ళు ముందు! మన రాకాసిలోయ నడుస్తున్న రోజుల్లోనే. తర్వాత 1970ల్లో అమెరికావాళ్ళకి కోనన్ గీసేవాళ్ళు కావాల్సొచ్చినప్పుడు ఎవర్ని వెతుక్కున్నారు? ఇదే అల్కాలాని, టోనీ డిజునిగాని, ఎర్నీ చాన్‌ని. అందరూ ఫిలిప్పీన్స్ వాళ్ళే. సావేజ్ సోర్డ్ ఆఫ్ కోనన్ పాత సంచికలు తిరగేస్తే జాన్ బ్యుసేమా పెన్సిలు గీతల మీద అల్కాలా ఇంకు ఎంత చిక్కగా ఉంటుందో కనిపిస్తుంది. వాళ్ళకి ఇంటి దగ్గర ప్రాక్టీసు ఉంది. మన చిత్రాకి, శంకర్‌కి, ఆచార్యకి ఆ మైదానమే లేదు.

డబ్బు సంగతి కూడా వినండి. మార్వెల్ వాళ్ళేం కోట్లు గుమ్మరించలేదు. కోనన్ హక్కులకి రాయ్ థామస్ ఇవ్వజూపింది సంచికకి రెండొందల డాలర్లు. ఆ మేరకు ఖర్చు తగ్గించుకోవాలని, మొదట అనుకున్న బ్యుసేమా పేజీ రేటు ఎక్కువని, బ్యారీ స్మిత్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నారు. అంటే బ్యుసేమా గారికి కూడా కోనన్ మొదట్లో "గీయని హీరో"నే! పేజీ రేటు కుదరక. 1973లో గానీ ఆయన చేతికి రాలేదు. వచ్చాక ఏళ్ళ తరబడి వదల్లేదు. అక్కడా బేరమే, ఇక్కడా బేరమే. తేడా ఏంటంటే అక్కడ బేరమాడి పని మొదలెట్టారు, మనం బేరం దగ్గరే ఆగిపోయాం.

మన దగ్గర కామిక్ గీసినవాళ్ళే లేరనడం కూడా తప్పు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి గారు డుంబు గీశారు. 1960ల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని కామిక్‌గా దేశమంతా చదివించారు. 2022లో పోయారు. మా గుంపులో ఎవరూ సంతాపం పెట్టినట్టు గుర్తులేదు. అదే వారం ఏదో మార్వెల్ ట్రైలర్ మీద రెండొందల మెసేజీలు. అమర్ చిత్ర కథ వాళ్ళు 1967 నుంచి వందల పుస్తకాలేశారు, రాజపుత్రులు, మరాఠాలు, పురాణాలు. మన వాటాకి తెనాలి రామన్న. ఆయన దగ్గర నోరు తప్ప కత్తి లేదు :)

కత్తి అంతా సినిమా పట్టుకెళ్ళింది. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన కాంతారావు గారు కత్తి కాంతారావు అయ్యారు. విఠలాచార్య గారు దయ్యాల్నీ, అస్థిపంజరాల్నీ చవకలో ఆడించారు. నాకు వాళ్ళంటే ప్రాణం. కానీ సినిమా మన జానపదాన్ని తీసుకుంది గానీ కాగితానికి తిరిగి ఏమీ ఇవ్వలేదు. హీరో వయసైపోగానే వీరుడికీ వయసైపోయింది. కామిక్ వీరుడికి ఆ బాధ లేదు. కోనన్‌కి తొంభై ఏళ్ళు దాటాయి, ఒక వెంట్రుక నెరవలేదు. మార్వెల్ వదిలేస్తే డార్క్ హార్స్ పట్టుకుంది, మళ్ళీ మార్వెల్, 2023 నుంచి టైటన్.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పాలి. ఇదంతా నేను ఎందుకు ఇంత పర్సనల్‌గా తీసుకుంటున్నానో అర్థమవ్వాలంటే తప్పదు.

మాది నంగునూరు. సిద్దిపేట అవతల. నేను పుట్టినప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. మా మండలంలో నర్మెట, పాలమాకుల దిక్కు చెలకల్లో పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా పాతి ఉంటాయి. మధ్యలో బండ మూత. మా దగ్గర వాటిని రాకాసి గుళ్ళంటారు. మా నాయినమ్మ "గా రాకాసి గుళ్ళ దిక్కు పోకు బిడ్డా, పొద్దుగూకినంక అవ్వి కూసుంటయి" అనేది. "ఏవి కూసుంటయే?" అంటే చెప్పేది కాదు. చెప్పకపోవడమే అసలు కథ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పాత చందమామ బైండు ఒకటి మా బాపు సిద్దిపేట నుంచి పట్టుకొచ్చాడు. (మా దగ్గర బాపు అంటే నాన్న. ఆర్టిస్టు బాపు గారి పేరు మొదటిసారి విన్నప్పుడు ఎవరి బాపు అనుకున్నా.) అందులో రాకాసిలోయ ఉంది. ఆ పేరు చూసి, ఇది మా నర్మెట గురించే రాశారని పూర్తిగా నమ్మాను. నాకెవరూ కాదని చెప్పలేదు కూడా.

2017లో పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి నర్మెటలో తవ్వారు. క్రేన్లు పెట్టి మూతబండ లేపారు. పదుల టన్నుల బండ. అది ఇనుప యుగం నాటి సమాధి. రెండు మూడు వేల ఏళ్ళ కిందటి మనుషులు క్రేన్ లేకుండా ఆ బండని అక్కడికి ఎలా చేర్చారో ఆలోచిస్తే కళ్ళు తిరుగుతాయి. తెలంగాణలో ఇలాంటి సమాధుల్లో ఇనుప కత్తులు, బాకులు, బల్లేలు దొరకడం మామూలే. పాత సమాధి, బండ మూత, చీకట్లో ఇనుప కత్తి. కోనన్ రచయితలు ఊహించి రాసుకున్న సీను మా పెసర చేను పక్కన నిజంగా ఉంది. సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళా. నా పక్కన ఒక పిల్లాడు బండ లేస్తుంటే "ఇప్పుడు థానోస్ వస్తడు" అన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. వాడి తప్పేముంది? మా నాయినమ్మ చెప్పకుండా వదిలేసిన ఆ "అవ్వి" ఎలా ఉంటాయో వాడికి ఎవరూ గీసి చూపించలేదు. థానోస్‌ని గీసి చూపించారు.

"మనవాళ్ళకి బొమ్మల్లో కథ నడపడం రాదు" అనేవాళ్ళకి మా జిల్లాలోనే ఇంకో ఊరు చూపిస్తా. చేర్యాల. పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లాయే. నకాషీ వాళ్ళ పటాలు మీరు శిల్పారామంలో చూసుంటారు, ఎర్రటి నేల మీద పెద్ద కళ్ళ మనుషులు. మీ ఇంట్లో మాస్కో, కీచెయినో ఉండే ఉంటుంది. కానీ అసలు పటం అంటే అది కాదు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవున్న బట్ట. దానికి చింతగింజల గంజి, సుద్ద పట్టించి గట్టిపరుస్తారు. పై నుంచి కిందికి వరసలు వరసలుగా కథ. వరసకీ వరసకీ మధ్య పూల అంచు. ఒక వరసలో పెళ్ళి, దాని కింద యుద్ధం, దాని కింద చావు. కథ చెప్పేవాళ్ళు ఊరూరా తిరిగి, పటం విప్పుతూ, కర్రతో చూపిస్తూ, రాత్రంతా పాడేవాళ్ళు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, ఆ కులాన్నే అడిగి బతికే కథకులు. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు, గౌడులకి గౌడజెట్టి వాళ్ళు, ముదిరాజులకి కాకి పడగల వాళ్ళు.

నా చిన్నప్పుడు పద్మశాలి వాడలో కూనపులి వాళ్ళు ఒకసారి పటం కట్టారు. నేను చివర్లో, ఎవరిదో మగ్గం గుంట అంచున కూర్చుని చూశా. భావనారుషి పులినెక్కి కాలవాసురుడనే రాక్షసుడి మీదికి పోతాడు. నేత పని చేసుకునే మనిషి, పులి మీద! ఒక గడిలో పులి కాలు ఎత్తింది, పక్క గడిలో రాక్షసుడి ఛాతీ మీద ఉంది. మధ్యలో డప్పు. కత్తి లేవడమూ, దిగడమూ రెండూ చూశాను నేను ఆ రాత్రి. చందమామ కూడా ఇవ్వనిది మా పద్మశాలి వాడ ఇచ్చింది.

మరి దీన్ని ఏమంటారండి? పేజీ బదులు బట్ట, బెలూన్ బదులు కథకుడి గొంతు. మార్వెల్ ఆఫీసు పుట్టక చాలా ముందు నుంచీ మా దగ్గర గళ్ళు కట్టి కథ నడిపినవాళ్ళున్నారు. సిద్దిపేట కాపు రాజయ్య గారు ఈ నకాషీ గీతని, రంగుని తీసుకుని మన బతుకమ్మని, బోనాన్ని, గొల్లల్ని కాన్వాసు మీదికి తెచ్చారు. 2012లో పోయేదాకా గీశారు. ఆయన దారి అది. కానీ పటంలో ఉన్న ఆ వరస, ఆ కదలిక, దాన్ని పుస్తకంగా ఎవరూ కుట్టలేదు. కథ చెప్పేవాళ్ళు తగ్గారు, పటాలు ఆర్డరిచ్చేవాళ్ళు తగ్గారు. చేర్యాలలో ఈ పని తెలిసిన కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. భౌగోళిక గుర్తింపు ట్యాగు వచ్చింది, మంచిదే. ట్యాగు వచ్చాక మనం కొన్నది మాత్రం కీచెయిన్లు.

విజన్ లేదట. విజన్ మన కళ్ళ ముందు యాభై అడుగులు పరిచి ఉంటే చుట్టచుట్టి గోడకి తగిలించాం.

సరే, ఇంతసేపు అందర్నీ అన్నాను. ఇప్పుడు నా వంతు.

కొన్నేళ్ళ కింద మేం నలుగురు ఫ్రెండ్సు, అందరం ఐటీనే, ఒక ఐడియా వేశాం. భావనారుషి కథని ముప్పై రెండు పేజీల కామిక్ చేయిద్దామని. చేర్యాల పద్ధతి తెలిసిన ఒకాయన్ని పట్టుకున్నాం. నాకంటే చిన్నవాడే, కానీ చేతిలో నాలుగు తరాల పని. పేజీకి రెండున్నర వేలన్నాడు. ముప్పై రెండు పేజీలకి ఎనభై వేలు. తలా ఇరవై వేలు. మా నలుగురిలో ఎవరి ఫోనూ అంతకంటే తక్కువ ఖరీదు కాదు. పది వేలు అడ్వాన్సు పంపాం, నెల తిరక్కుండా నాలుగు పేజీలు పంపాడు.

ఇక మొదలు, మా రివ్యూ కామెంట్లు. "బ్యాక్‌గ్రౌండ్ ఎరుపు తగ్గించాలి." "కళ్ళు మరీ పెద్దగున్నాయి." "హీరోకి ఫ్రజెట్టా బొమ్మల్లోలాగా కండలు కావాలి." ఇది అన్నది నేనే. రిఫరెన్సు ఇమేజీలు కూడా పంపా. ఆయన ఫోన్ చేశాడు. "అన్నా, కండలు గీస్తే గీస్త గానీ, గప్పుడు గాయన భావనారుషి గాడు. మగ్గం మీద కూసునే మనిషికి గంత ఛాతీ ఎట్లుంటదే? ఆయిన పులిని చూడు, బలమంతా పులికిచ్చిన" అన్నాడు. బలమంతా పులికిచ్చిన! ఇంత తెలివైన డిజైన్ మాట నేను పద్దెనిమిదేళ్ళ మీటింగుల్లో వినలేదు. కానీ ఆ రోజు నాకది అర్థం కాలేదు. "క్లయింటు చెప్పింది చెయ్యట్లేదు" అని గుంపులో రాశాను. క్లయింటంట!

తర్వాత ఒకడు ఆన్‌సైటు వెళ్ళాడు, ఇంకొకడికి ఇంటి ఈఎంఐ. పేజీకి పదిహేను వందలకి దిగమని అడిగాం. ఆయన దిగలేదు, తిట్టలేదు కూడా. ఫోన్లు తగ్గాయి, ఆగాయి. అదే నెలలో నేను సావేజ్ సోర్డ్ ఆఫ్ కోనన్ ఆమ్నిబస్ ఒకటి ఆర్డర్ చేశా. తొమ్మిది వేల చిల్లర. ఒక్క మాట బేరమాడలేదు.

అందుకే ఆ వపా కోనన్ బొమ్మ చూస్తే నాకు మండింది. ఆ టూలు ఏం చేసింది? సరిగ్గా నేను చేసిందే. మన చేయి తీసుకుంది, వాడి వీరుణ్ణి గీయించింది. డబ్బివ్వలేదు, ఎదురు మాట్లాడే మనిషి కూడా లేడు. వపా గారుంటే ఏమనేవారో నాకు తెలీదు గానీ చేర్యాల తమ్ముడు మాత్రం "గప్పుడు గాయన గాయన గాడు" అనేవాడు. టూలు అనదు. అందుకే మనకి టూలు నచ్చుతుంది.

ఇంకో చిన్న సంగతి కూడా మన ఇండస్ట్రీవాళ్ళు గుర్తుంచుకోవాలి. చందమామని 2007లో కొన్నది జియోడెసిక్ అనే ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ. పాత సంచికల్ని ఆన్‌లైన్లో పెట్టారు, అందరం పండగ చేసుకున్నాం, దించుకున్నాం. 2013కల్లా పత్రిక ఆగిపోయింది. దించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నా. నా హార్డ్‌డిస్కులో అరవై ఏళ్ళ చందమామ ఉంది, పైసా కట్టలేదు. దాసరి గారి సీరియళ్ళని మంచి పుస్తకం వాళ్ళు పుస్తకాలుగా వేస్తే, "పీడీఎఫ్ ఉందిగా" అన్న మహానుభావుడు మా గుంపులోనే ఉన్నాడు. మళ్ళీ వాడే "మనవాళ్ళకి విజన్ లేదు" అంటే చప్పట్లు కొడతాడు.

ఆ నాలుగు పేజీలు నా బీరువాలో ఉన్నాయి. నిన్న రాత్రి తీసి చూశా. ఎర్రటి నేల. నాలుగో పేజీ చివరి గడిలో పులి కాలు ఎత్తి ఉంది. ఐదో పేజీ లేదు.

పొద్దున ఆయనకి ఫోన్ చేశా. నంబరు మారలేదు. మాస్కుల ఆర్డర్లున్నాయట, దీపావళి గిఫ్టులకి, ఏదో కంపెనీకి మూడొందలు. "నువ్వేనా అన్నా" అన్నాడు. నేను సారీ చెప్పేలోపే "పులి గట్లనే ఆగింది గదా" అన్నాడు. పేజీ రేటు ఇప్పుడు నాలుగు వేలట. సరే అన్నా. ఇరవై ఎనిమిది పేజీలు మిగిలున్నాయి, అంటే లక్షా పన్నెండు వేలు. పాత ముగ్గురికీ మెసేజ్ పెట్టా, ఒకడు చూసి ఊరుకున్నాడు, ఒకడు తన వాటా పంపిస్తానన్నాడు, మూడోవాడికి ఇంకా రెండు నీలం టిక్కులు పడలేదు.

వచ్చే ఆదివారం సిద్దిపేట మీదుగా చేర్యాల పోతున్నా. కారులో ముగ్గురికి చోటుంది. రివ్యూ కామెంట్లు ఇంట్లో పెట్టి రాగలిగినవాళ్ళెవరైనా వస్తానంటే కింద రాయండి.